మా ఆయన ఒంటరిగా గడిపిన చలికాలం

మా ఆయన రాసిన పుస్తకాన్ని నేను మొత్తం ఆరుసార్లు చదివేను. అచ్చయి వచ్చిన రోజున ఒకసారి నాకోసం చదువుకున్నాను. తక్కిన అయిదుసార్లూ ఆయన మంచం పట్టేక, పక్కన కుర్చీ వేసుకుని పైకి చదివి వినిపించేను. చూసినవాళ్ళు ఎంత సేవ అనుకున్నారు. నేను చదివింది ఆయన్ని ఏడిపించడానికి.

ఆయన బొమ్మలు వేసేవారు. కొత్తపేటలో మా ఇంటి ముందుగదిలో, కాలవవైపు కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఇరవై ఏళ్ళపాటు వారపత్రికల కథలకి బొమ్మలు వేసేరు. నిబ్బు, నల్ల సిరా, తెల్ల కాగితం, అంతే. రంగులంటే ఆయనకి పడదు. పోస్టులో కథ వచ్చేది, పోస్టులో బొమ్మ వెళ్ళేది. నేను ఆలమూరు అవతల ఒక ఊళ్ళో చిన్నబడి టీచర్ని. పొద్దున్నే వంట చేసి, రావులపాలెం వెళ్ళి, అరటి లారీల మధ్యనుంచి అడ్డంగా నడిచి ఇంకో బస్సెక్కి, వంతెన దాటి వెళ్ళేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన అదే కుర్చీలో అదే వంపుతో కూర్చుని ఉండేవారు. మాకు పిల్లల్లేరు. పెద్దగా దెబ్బలాడుకున్నదీ లేదు, పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు.

తర్వాత పత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయేయి. ఉన్నవాళ్ళు కంప్యూటరు బొమ్మలు పెట్టుకోవడం మొదలెట్టేరు. చివరికి ఆయనకి ఒకే ఒక్క సీరియలు మిగిలింది. అందులో కథంతా మంచుకొండల్లో జరుగుతుంది. ఫ్రిజ్జులో గడ్డకట్టింది తప్ప ఆయన జన్మలో మంచు చూడలేదు. అయినా వేసేరు. ఒక పాఠకుడు పత్రికకి ఉత్తరం రాసేడు, మీ ఆర్టిస్టు మంచు ఎప్పుడైనా చూసేడా అండీ, కొబ్బరికోరు పోసినట్టుంది అని. పత్రికవాళ్ళు ఆ ఉత్తరాన్ని అచ్చువేసేరు. కొన్నాళ్ళకి ఆ పత్రికా మూతపడింది.

ఆయన ఆ ఉత్తరం కత్తిరించి బల్లకి ఎదురుగా గోడకి అంటించుకున్నారు. నెలల తరబడి దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఒక రోజు అన్నం తింటూ అన్నారు:

"ఒక చలికాలం మొత్తం మంచులో ఉండాలి. చూసొచ్చి వెయ్యడం కాదు, అందులో ఉండి వెయ్యాలి. బొమ్మలూ నావే, రాతా నాదే. ఒక పుస్తకం."

"ఎవరితో వెళ్తారండీ?"

"నువ్వు రావా?"

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఎక్కడికైనా రమ్మని పిలవడం అదే మొదలు. నేను ఆలోచించలేదు. ఆర్నెల్లు ఊళ్ళు తిరగడానికి సెలవంటే ఇవ్వరు కాబట్టి, ఆరోగ్యం బాగోలేదని, విశాఖపట్నంలో అక్కయ్య దగ్గరుండి వైద్యం చేయించుకుంటానని సెలవు పెట్టేను. ఇరుగుపొరుగుకీ అదే చెప్పేను. ఆయన హిమాలయాలకి, నేను అక్కయ్య ఇంటికి. ఆ అబద్ధం నాదే. ఆయన చెప్పమన్నది కాదు. ఆ అబద్ధమే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

రాజమండ్రిలో స్వెట్టర్లు కొన్నాము. ఢిల్లీ మీదుగా మనాలి, అక్కణ్ణించి బస్సులో కనుమ దాటి లాహౌల్ అనే లోయలోకి దిగేము. ఇప్పుడు కొండ తొలిచి సొరంగం వేసేరట, ఏడాది పొడుగునా బళ్ళు తిరుగుతాయట. అప్పుడది లేదు. మంచు పడడం మొదలైతే దారి మూసుకుపోయేది, మళ్ళీ ఎండలు ముదిరేదాకా తెరుచుకునేది కాదు. మేము అద్దెకి తీసుకున్న గది ఒక ముసలావిడది. భర్త లేడు, కొడుకులు చలికాలం కిందకి పోయి పనులు చేసుకుంటారు. కింద ఒక ఆవు, నాలుగు గొర్రెలు, పైన ఆవిడ. ఆ పక్క గదిలో మేము. గది మధ్యలో ఇనప పొయ్యి, దానికో గొట్టం, ఆ గొట్టం కప్పులోంచి బయటకి. నాకొచ్చిన కాస్త బడి హిందీతో ఆవిడతో మాట్లాడేదాన్ని. ఆవిడ నన్ను "బేటీ" అనేది.

మొదటి మంచు పడిన రోజు నేను చిన్నపిల్లలా గంతులేసేను. చర్చిలో పాటల్లో మంచు మంచు అని పాడుకోవడమే తప్ప చూసింది లేదు. ఆయన కూడా ఆ రోజు నవ్వేరు. నా పక్కన నిలబడి చూపించేరు: "మంచుని వెయ్యకూడదే. చుట్టూ ఉన్నది వెయ్యాలి. మంచు దానంతటదే మిగులుతుంది. ఇన్నాళ్ళూ నేను మంచుని గీసేను, అదీ నా తప్పు." నేను ఆయన చేతిలో కాగితం చూసేను. నాలుగు గీతలు, ఒక చెట్టు, ఒక గోడ. తక్కిందంతా ఉత్త కాగితం. నిజంగా మంచే. ఆ మొదటి మూడు వారాలూ నా కాపురంలో నేను సంతోషంగా ఉన్న రోజులు అని చెప్పకపోతే అది కూడా అబద్ధమే అవుతుంది.

తర్వాత పని మొదలైంది. అక్కడ కప్పులు మట్టివి, చదునుగా ఉంటాయి. మంచు పడినప్పుడల్లా నిచ్చెనెక్కి చెక్క పారతో తోసెయ్యాలి, లేకపోతే బరువుకి కూలిపోతాయి. ఆ పని నేనూ ముసలావిడా చేసేవాళ్ళం. నీళ్ళు లేవు, మంచు తెచ్చి పొయ్యి మీద కరిగించాలి. గుండిగ నిండా మంచు పెడితే చెంబెడు నీళ్ళొచ్చేవి. ఆయన కిటికీ దగ్గర కూర్చుని వేసుకునేవారు. తెల్లారేసరికి సీసాలో సిరా గడ్డకట్టి పగిలిపోతోందని, పడుకునేటప్పుడు ఆ సీసాని నా జాకెట్టులో పెట్టుకోమన్నారు. ఎన్నో రాత్రులు ఆ సీసాని గుండెల దగ్గర పెట్టుకుని, పక్కకి తిరగకుండా పడుకున్నాను. మూత సరిగ్గా పట్టక ఒకసారి ఒలికింది. నా ఒంటి మీద నల్లటి మరక చూసి ఆయన, "సగం సీసా పోగొట్టేవు" అన్నారు.

క్రిస్మస్ దాటేక ఆయనకి ఒక బొమ్మ మీద పట్టుదల కలిగింది. మంచులో వీపు మీద కట్టెల బుట్టతో ఒంటరిగా నిలబడిన మనిషి. మధ్యాహ్నం కాసేపే ఆ వెలుతురు ఉంటుంది, కొండ నీడ పడితే అయిపోతుంది. కట్టెల బుట్ట నాకు కట్టి, ఇంటి వెనక మోకాలిలోతు మంచులో నిలబెట్టేవారు. తను గడపలో పొయ్యి వేడికి వీపు పెట్టి వేసేవారు. మొదటి రోజు కుదర్లేదు. రెండో రోజు బాగానే వచ్చింది గాని తల వంపు నచ్చలేదు. మూడో రోజుకి నా బూట్లు ముందురోజు తడి ఆరలేదు.

"ఏవండీ, కాళ్ళు తెలియడం లేదండీ."

"అయిదు నిమిషాలు. కదలకు."

కొంతసేపయ్యేక మళ్ళీ చెప్పేను.

"ఇప్పుడు కదిలితే రేపు మళ్ళీ నిలబడాల్సింది నువ్వే" అన్నారు, తల ఎత్తకుండానే.

నిలబడ్డాను. ఆయన ఏమీ నన్ను కట్టెయ్యలేదు. నడిచి లోపలికి రావచ్చు. ఎందుకు రాలేదని నన్ను నేను చాలాసార్లు అడిగేను. రమ్మని పిలిచేరు కదా, అందుకు. 

లోపలికొచ్చి బూటు విప్పితే ఎడమకాలి చివరి రెండు వేళ్ళూ కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. గోరుతో నొక్కినా తెలియలేదు. ముసలావిడ చూసి నోరు బాదుకుంది. గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి నా కాలు అందులో పెట్టబోయింది. మా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేరు.

"ఒక్క నిమిషం ఆగమను" అని నాతో అన్నారు. "నీళ్ళల్లో పెట్టకముందు ఒకసారి వేసుకుంటాను."

కాగితం తీసి నాకెదురుగా నేల మీద కూర్చుని నా కాలు వేసేరు. ముసలావిడ గిన్నె పట్టుకుని నిలబడి ఆయన్ని తన భాషలో తిడుతూనే ఉంది. నీళ్ళు చల్లారిపోతే మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

అనారోగ్యం చేసినవాళ్ళని తీసుకెళ్ళడానికి వాతావరణం బాగుంటే సర్కారు హెలికాప్టరు ఒకటి వస్తుంది. ఆ రోజుల్లో మబ్బు విడవలేదు. ఎదురుచూస్తూండగానే వేళ్ళు వాచేయి, పొక్కులొచ్చేయి, తర్వాత నల్లబడ్డాయి. ఆయన రోజూ పొద్దున్నే కట్టు విప్పించి వేసుకునేవారు. ఒక రోజు బొమ్మ దూరంగా పెట్టి చూసుకుని, "నలుపు బాగా కుదిరింది" అన్నారు. నాకు జ్వరం. నవ్వొచ్చింది.

మబ్బు విడిచిన రోజు నన్నూ, తోడు ఒక మనిషినీ ఎక్కించుకుంటామన్నారు. ఆయన గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కున్నారు.

"ఇంకా సగం బొమ్మలున్నాయి. ఇప్పుడెళ్తే మళ్ళీ రావడానికి దారుండదు. ఆవిడని తీసుకెళ్ళు."

ఆవిడంటే ముసలావిడ. ఆవునీ గొర్రెల్నీ పొరుగింటికి అప్పజెప్పి, ముందెన్నడూ హెలికాప్టరు ఎక్కని మనిషి నాకోసం ఎక్కింది. కులూలో ఆసుపత్రిలో నా రెండు వేళ్ళూ తీసేసేరు. ఆవిడ పన్నెండు రోజులు నా మంచం కింద పడుకుంది. అక్కయ్య విశాఖ నుంచి వచ్చి నన్ను తీసుకెళ్తూంటే ఆవిడ ఏడ్చింది. ఆవిడకి నా పేరు పలకడం కూడా సరిగ్గా రాలేదు.

ఆయన వేసవిలో వచ్చేరు. గడ్డం పెరిగింది, చిక్కిపోయేరు, చెక్కపెట్టె నిండా బొమ్మలు. నా కాలు చూసి, "మానిపోయిందా?" అన్నారు. ఏడాది కూర్చుని పుస్తకం రాసేరు. హైదరాబాదులో ఒకాయన అచ్చువేసేరు. పార్శిలు వచ్చిన రోజు నేను బడి మానేసి చదివేను.

బొమ్మలు గొప్పగా ఉన్నాయి. అది నేను కాదనలేను. రాత కూడా బాగుంది, నది గడ్డకట్టే చప్పుడు గురించి రాసిన పేజీ చదివితే నాకు మళ్ళీ ఆ చప్పుడు వినపడింది. "ఆ చలికాలం నేనొక్కణ్ణే ఉన్నాను" అని మొదలు. ముసలావిడ ఉంది. ఆవిడ ఆవు ఉంది, దానికి పేజీ నిండా బొమ్మ కూడా ఉంది. కప్పు మీద మంచు తోసింది ఆయనే. సిరా సీసాని గుండెకి హత్తుకుని పడుకున్నది ఆయనే. కట్టెల బుట్టతో నిలబడిన బొమ్మలో మనిషికి గడ్డం పెట్టేరు. కాలివేళ్ళు చచ్చుబడింది ఆయనకే, ముసలావిడ గోరువెచ్చటి నీళ్ళతో కాపాడితే ఆయన వేళ్ళు దక్కేయి. దానికి పక్కనే నా కాలి బొమ్మ. తన కాలు తను చూసుకుని వేసుకుంటే మడమ దగ్గరగా, వేళ్ళు అవతలగా ఉండాలి. ఈ బొమ్మలో వేళ్ళు చూసేవాళ్ళ వైపు ఉన్నాయి. అంతమంది చదివేరు, ఒక్కరూ అది పట్టుకోలేదు.

"నేనెక్కడున్నానండీ ఇందులో?" అని అడిగేను.

ఆయనకి కోపం రాలేదు. శిష్యుడికి చెప్పినట్టు చెప్పేరు. "ఇద్దరుంటే అది కాపురం అవుతుంది. ఒక్కడుంటేనే సాహసం. నువ్వూ నేనూ పప్పు ఉడకలేదని మాట్లాడుకున్నది ఎవరిక్కావాలి?"

"మరి నా వేళ్ళు?"

"అందరికీ నువ్వు విశాఖలో ఉన్నావనే కదా తెలుసు. ఇప్పుడు మార్చి చెప్తే పోయేది నీ ఉద్యోగమే." పుస్తకం మూసి, "షుగరు వల్ల తీసేసేరని చెప్పు. ఈ చుట్టుపక్కల ఎంతమందికి తియ్యలేదు" అన్నారు.

అదే చెప్పేను. ఆసుపత్రి కాగితాలు సెలవు సంగతి బయటపడుతుందన్న భయంతో నేనే చింపేసేను. అప్పటి నుంచీ ఏ పెళ్ళికెళ్ళినా విస్తరి ముందు ఎవరో ఒకరు, "టీచరుగారికి షుగరండీ, స్వీటు వెయ్యకండి" అని అడ్డం పడేవారు. నాకు పూతరేకులంటే ప్రాణం. నా ఎదురుగానే పళ్ళెం పక్కకి తీసుకెళ్ళిపోయేవారు. మా ఆయన పక్క విస్తట్లో తినేవారు.

పుస్తకానికి పేరొచ్చింది. అమలాపురంలో సన్మానం చేసేరు. నన్ను కూడా వేదిక మీదకి పిలిచి బండారులంక చీర పెట్టేరు. "భర్త ఆర్నెల్లు ప్రాణాలకి తెగించి మంచులో ఉంటే, ఒంట్లో బాగోకపోయినా అక్కగారింట్లో ఎదురుచూసిన ఇల్లాలు" అని మైకులో చదివేరు. చప్పట్లు కొట్టేరు. నేను దణ్ణం పెట్టేను.

ఇలా పదేళ్ళు గడిచేయి. నేను రిటైరయిన ఏడాదే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయేయి. మాట పోయింది. అన్నీ అర్థమవుతాయని, నోటికి రాదంతేనని డాక్టరు చెప్పేరు. "ఆయనకి ఇష్టమైనవి చదివి వినిపించండమ్మా. మాట వినపడుతూ ఉండడం మంచిది" అన్నారు.

ఆయనకి ఇష్టమైంది ఏమిటో నాకు తెలుసు. అన్నం పెట్టి, మూతి తుడిచి, కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచేను. మొదటి వాక్యం దగ్గరే నా నోరు ఆగింది. "ఆ చలికాలం నేనూ నా భార్యా ఉన్నాము" అని చదివేను. కావాలని కాదు, అలా వచ్చేసింది. తల ఎత్తితే ఆయన ఎడమ కన్ను నన్నే చూస్తోంది. అందులో భయం ఉంది. ఆయన కంట్లో నా గురించి భయం చూడడం నాకు కొత్త. బాగుంది.

ఇక ఆపలేదు. సిరా సీసా దగ్గర, "నా భార్య గుండెల దగ్గర పెట్టుకుని పడుకునేది, ఒలికితే తిట్టేను" అని చదివేను. కాలు బొమ్మ వచ్చినప్పుడు పుస్తకం ఆయన ముఖానికి దగ్గరగా పెట్టి, "ఇది ఎవరి కాలండీ?" అని అడిగేను. బడిలో పిల్లల్ని అడిగే గొంతుతో అడిగేను. రెండోసారి చదివేటప్పటికి పుస్తకంలో లేని పేజీలు చేర్చేను. హెలికాప్టరు శబ్దం, కులూ ఆసుపత్రి, కత్తెర చప్పుడు, నా మంచం కింద పడుకున్న ముసలావిడ. ఆయన ఏడ్చేవారు. ఎడమవైపు కన్నీళ్ళు చెవిలోకి కారేవి. తువ్వాలుతో తుడిచి, "ఇంకా ఉందండీ, వినండి" అని చదివేదాన్ని. వినకుండా తల తిప్పుకుంటే గడ్డం పట్టుకుని మెల్లిగా ఇటు తిప్పేదాన్ని. ఒక్కనాడు కూడా అండీ అనడం మానలేదు.

ఆ రోజుల్లో అమలాపురం కాలేజీలో పనిచేసే లెక్చరరు ఒకరు తన యూట్యూబు ఛానలు కోసం వచ్చేరు. మంచి మనిషి, మా ఆయన పుస్తకమంటే ప్రాణం. నేను పుస్తకం చదివి వినిపిస్తూ ఉంటే వీడియో తీస్తానన్నారు. ఆ రోజు ఉన్నదున్నట్టు చదివేను. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. "మాస్టారు ఎంత ప్రశాంతంగా వింటున్నారో చూడండి" అన్నారాయన కెమెరాతో.

వీధి అరుగు మీద టీ ఇస్తూ లెక్చరరు గారికి చెప్పేను. నేనూ వెళ్ళేనండీ, అక్కడ ఆ ఇంట్లో నేనూ ఉన్నానండీ, ఆ వేళ్ళు నావండీ అని మొత్తం చెప్పేను. రిటైరైపోయేను కాబట్టి భయం లేదనుకున్నాను. చెప్పు విడిచి కాలు చూపించేను. ఆయన కాలు చూసేరు, నా ముఖం చూసేరు, టీ గ్లాసు పక్కన పెట్టేసేరు.

"అమ్మా, అది షుగరుకి తీసినది కదండీ? మా ఇంట్లో అందరూ అనుకుంటారు పాపం అని." చాలా మెత్తగా అన్నారు. "మంచంలో మనిషిని రాత్రింబవళ్ళు చూసుకుంటూ అలిసిపోయేరు మీరు. రోజూ అదే పుస్తకం చదువుతున్నారు కదా, ఒక్కోసారి మనమే అక్కడున్నట్టు అనిపిస్తుంది. నాకూ అనిపించేది."

అక్కయ్య పోయి అప్పటికి రెండేళ్ళు. ముసలావిడ అంతకుముందే పోయి ఉంటుంది. ఆ చలికాలం నేనక్కడ ఉన్నానని తెలిసిన మనిషి ఈ భూమి మీద ఒక్కరే ఉన్నారు, లోపలి గదిలో నోరు రాకుండా. నేను లెక్చరరు గారికి, "అవునండీ, అలిసిపోయేను" అని చెప్పి గేటు దాకా సాగనంపేను.

అది జరిగిన వారానికే నేను చేసిన పని ఇది. జనవరి నెల. కాలవ మీద పొగమంచు ఇంకా విడవలేదు. ఆయనకి స్నానం చేయించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళు తుడవకుండా వరండాలోకి తోసుకొచ్చేను. ఒంటి మీద తడి పంచె ఒక్కటే.

"కదలకండి. అయిదు నిమిషాలే" అన్నాను.

ఆయనకి అర్థమైంది. నాకు కనిపిస్తూనే ఉంది అర్థమైనట్టు. నేను ఎదురుగా గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. ముందు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత గడ్డం వణికింది. ఎడమ చెయ్యి ఎత్తి దుప్పటి వైపు చూపించేరు. దుప్పటి నా ఒళ్ళోనే ఉంది. అయిదు నిమిషాలు అయిపోయేయి. పదీ అయిపోయేయి. నాకు జాలి వస్తుందేమోనని చూసేను. రాలేదు. పళ్ళు టకటకమని కొట్టుకోవడం వినపడింది. పాలావిడ గేటు తీసిన చప్పుడైంది, అప్పుడు లేచి దుప్పటి కప్పేను. "అయ్యగారికి ఎండ కోసం కూర్చోబెట్టేరా అండీ?" అంది ఆవిడ. "ఆయ్" అన్నాను, మా వైపు అవునండీ అనడానికి అదే మాట.

మర్నాటికి జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. అమలాపురం ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టేరు. "చల్లగాలి ఏమైనా తగిలిందా అమ్మా?" అని డాక్టరు అడిగితే, లేదండీ అన్నాను. మూడు రోజులు చెప్పలేమన్నారు. ఆ మూడు రోజులూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన చెయ్యబోతే ఏమని అడగాలో తెలియలేదు. ఆయన బతకాలని అడగలేదు, పోవాలనీ అడగలేదు. బతికేరు.

ఇంటికొచ్చేక పుస్తకం మళ్ళీ తియ్యలేదు. జాలి వచ్చి కాదు. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు, గుమ్మంలో కూర్చుని బొమ్మ వేసుకున్న మనిషి ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలిసిపోయింది. ఆ ఉదయం నాది అలాగే ఉండి ఉంటుంది. అది నాకు నచ్చలేదు, అంతే.

రాజోలు నుంచి ఒకమ్మాయి వారానికి మూడుసార్లు వచ్చి ఆయనకి కాలూ చెయ్యీ ఆడిస్తోంది, మాటలు పలికిస్తోంది. ఉత్సాహం గల పిల్ల. మొన్న వర్షాలకి ముందు ఒక రోజు వంటింట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఆంటీ, అంకులు మాట్లాడేరండీ!"

చేతులు తుడుచుకుని వెళ్ళేను. ఆయన దిండుకి ఆనుకుని కూర్చున్నారు. "నొప్పిగా ఉందా అంకుల్?" అంది ఆ అమ్మాయి. "ఆయ్" అన్నారు. మూడేళ్ళ తర్వాత ఆయన గొంతు. బొంగురుగా ఉంది గాని ఆయనదే.

ఆ అమ్మాయి వెళ్ళేదాకా ఆగేను. తలుపు వేసి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాను. పెళ్ళిచూపులనాడు కూడా అంత దడ లేదు.

"ఏవండీ. ఆ చలికాలం అక్కడ నేను ఉన్నానా?"

ఆయన నన్ను చూసేరు. "ఆయ్."

మంచం కోడు పట్టుకున్నాను. ఆ ఒక్క మాట కోసం నేనెన్నేళ్ళు ఎదురుచూసేనో ఆయనకి తెలుసా అనిపించింది. మళ్ళీ వినాలనిపించింది.

"ఆ వేళ్ళు నావేనా?"

"ఆయ్."

అక్కడితో ఆపేస్తే బాగుండేది. బడిలో ఇన్నేళ్ళు పిల్లల్ని పరీక్షించిన బుద్ధి ఊరుకోలేదు.

"మరి మీరొక్కరే ఉన్నారా అక్కడ?"

"ఆయ్" అన్నారు, అదే గొంతుతో, అంతే వినయంగా.

"ఇప్పుడు మనం లాహౌల్‌లో ఉన్నామా?"

"ఆయ్."

ఆ అమ్మాయిని తర్వాతి సారి అడిగేను. ఇలాంటివాళ్ళకి ఒక్కోసారి ఒక్క మాటే తిరిగొస్తుందని, దేనికైనా అదే అంటారని, దానికి అర్థం ఉండొచ్చు ఉండకపోవచ్చని చెప్పింది. "ఏదో ఒకటి, మాటంటూ వచ్చింది కదా ఆంటీ" అంది. లెక్చరరు గారు ఫోనులో ఆ గొంతు విని సంతోషంతో ఏడ్చేరు. రెండో ముద్రణ వేయిస్తున్నారట, ఆవిష్కరణకి మాస్టార్ని కుర్చీలో తీసుకురమ్మన్నారు. ఏది అడిగినా ఆయ్ అంటారు కాబట్టి అక్కడ ఇబ్బందేమీ ఉండదు.

ఈ మధ్య నేను ఆయన్ని ఆ సంగతులేమీ అడగడం లేదు. పక్క తిప్పాల్సిన వేళకి తిప్పుతున్నాను, పుండ్లు పడకుండా పౌడరు వేస్తున్నాను. ఇందాక జావ కలిపి పట్టుకెళ్ళేను. వేడిగా ఉందాండీ అని అడిగితే ఆయ్ అన్నారు. చల్లారిపోయిందాండీ అంటే దానికీ ఆయ్ అన్నారు. నేనే చెంచాతో రుచి చూసి నోట్లో పోసేను.